కాళ్ళకు తెలిసిన చెట్టు

తెర మీది మనిషికి చెట్టెక్కడం రావడం లేదు.

స్పందన వాడికి కాళ్ళూ చేతులూ పెట్టింది, చెట్టుకూ నడుముకూ కలిపి మోకు కట్టింది, చెవి వెనక బీడీ కూడా దోపింది. అయినా మీట నొక్కగానే వాడు తాటిచెట్టు మీద బల్లిలా పాకుతూ పోయి, చెట్టు అయిపోయాక కూడా ఆగకుండా ఆకాశంలోకి నాలుగు అడుగులు వేశాడు. ఆన్‌లైన్ క్లాసులో అందరి ముందూ ఆ ఘనకార్యం చేశాడు. తోటి పిల్లలు నవ్వు బొమ్మలు కుప్పలుగా పంపారు. స్పందన కెమెరా ఆపేసి, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

విభావరి మేడం మాత్రం నవ్వలేదు. విశాఖపట్నంలో తన గదిలో కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో వీడియో గేములు తయారుచేయడం నేర్పే మనిషి ఆవిడ. మెచ్చుకోలు విషయంలో పరమ పిసినారి.

"స్పందనా, వీడికి బరువు లేదమ్మా," అంది. "పడిపోతానేమో అన్న అనుమానం లేనివాడు ఎక్కుతుంటే ఎవరు చూస్తారు చెప్పు. ఆ అనుమానం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కో."

వెతకాల్సిన పనేమీ లేదు. ఆ అనుమానం రోజూ పొద్దున్నే మోకు భుజాన వేసుకుని, చాయ్ తాగి, వాళ్ళింట్లోంచే తాళ్ళకు, అంటే తాటిచెట్ల దగ్గరకు, పోతుంది. స్పందన వాళ్ళ నాయిన లింగస్వామిది కల్లుగీత. మోత్కూరు చుట్టుపక్కల ఆయన చెట్టెక్కుతుంటే దారిన పోయేవాళ్ళు బండి ఆపి చూసేవాళ్ళని చెప్పుకుంటారు. ఇంటరు పాసై, ముందుకేం చదవాలో తేలక ఇంట్లో కూర్చున్న కూతురు ఈ ఆన్‌లైన్ పాఠాల్లో చేరతానంటే, ఆయనే ముందు ఒప్పుకున్నాడు. కల్లు మండువలో కూర్చుని, "మా పిల్ల ఆటలు ఆడుడు గాదురా, ఆటలు చేసుడు నేర్చుకుంటున్నది," అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాడు.

పాఠాలతో పాటు ఆ సంస్థవాళ్ళు ప్రతి విద్యార్థికీ ఒక పట్టీ పంపారు. పేరు ఆనవాలు పట్టీ. మెత్తగా, నల్లగా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా తలకు కట్టుకునేది. పని తెలిసిన మనిషి దాన్ని కట్టుకుని ఆ పని చేస్తే, ఆ మనిషి ఒంటికి పని ఎలా తెలుసో అలాగే దించుకుంటుంది. పైకి కనిపించే కదలిక ఒక్కటే కాదు, బరువు ఎక్కడ వేయాలో, ఎక్కడ జంకాలో, ఎక్కడ జంకు వదిలేయాలో అంతా దానికి అందుతుంది. దాన్ని గేములో బొమ్మకు పోస్తే బొమ్మ మనిషవుతుంది. ఇంకో సరదా కూడా ఉంది. గేము ఆడేవాళ్ళు పట్టీ కట్టుకుని ఆడితే, ఆ పని కొంచెం కొంచెంగా తమ కాళ్ళకూ చేతులకూ తెలిసినట్టు ఉంటుంది. మేడం క్లాసులో ఒకాయన సైకిలు తొక్కి చూపించాడు. ఆ గేము ఆడాక, జన్మలో సైకిలు ముట్టని పిల్లలు కూడా పిక్కలు నొప్పులన్నారు.

స్పందన పట్టీ పట్టుకుని నాయిన ముందు నిలబడింది.

"చెట్టు మీద తలకు ఏం కట్టుకోను బిడ్డా," అన్నాడు లింగస్వామి. "ఇంకోటి, ఉత్తగ సూపెట్టుటానికి నేను చెట్టెక్క. కల్లు కోసం ఎక్కుతం గని తమాషకు ఎక్కం. మా నాయిన గదే చెప్పిండు, నేను గట్లనే ఉన్న."

స్పందన ముఖం చిన్నబోయింది. ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ ఎక్కువసేపు చూడలేడు.

"సరే, ఇంట్ల కూసొని ఎక్కుత," అన్నాడు. "నవ్వకు. కండ్లు మూసుకుంటె నాకు తాళ్ళన్ని కనవడ్తయ్. ఏ చెట్టుకు ఏడ బుడిపె ఉన్నదో సుత కనవడ్తది."

పట్టీ పెట్టెలో ఉన్న కాగితం మీద మొదటి వాక్యమే, పని చేస్తుండగా మాత్రమే ఆనవాలు తీయాలని. స్పందన చదివింది. చేస్తూ ఉంటే బాగా వస్తుంది కాబోలు, కూర్చుని తీస్తే కొంచెం మసకగా వస్తుంది కాబోలు, అనుకుంది. మసకైనా బల్లి కంటే నయమే కదా అనుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వాకిట్లో నులక మంచం వేశారు. లింగస్వామి మంచం పట్టెకు కాళ్ళు ఆనించి, తలకు పట్టీ కట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అండాలు మొగుణ్ణి చూసి ముసిముసిగా నవ్వింది.

"పెండ్లినాడు బాసింగం కట్టినప్పుడు సుత గింత బుద్ధిగ కూసోలే మీ నాయిన."

ఆయన నవ్వలేదు. అప్పటికే చెట్టు దగ్గర ఉన్నాడు. వేళ్ళు మోకు ముడి చూసుకున్నాయి. అరికాళ్ళు పట్టెను నొక్కాయి, వదిలాయి, మళ్ళీ నొక్కాయి. నడుము ఒకసారి వెనక్కి వాలింది. స్పందన చేతిలో ఫోను తెర మీద సన్నటి గీతలు లేచి పడుతున్నాయి. రెండు మూడు పట్లు ఎక్కాడేమో, ఉన్నట్టుండి ఆగాడు. కుడిచెయ్యి లేచింది. గాల్లో రెండుసార్లు మెల్లగా తట్టింది. తర్వాత మళ్ళీ కాళ్ళు కదిలాయి.

పట్టీ విప్పాక స్పందన అడిగింది. "నడుమల చెట్టును తట్టినవ్ గద నాయినా, అదెందుకు?"

"తట్టిన్నా?" అని కాస్త సిగ్గుపడ్డాడు. "అది నాది బిడ్డా. నేలకెల్లి చెయ్యి ఎత్తితె అందే కాడ దాటంగనె తట్టుత. ఏ చెట్టైనా అంతే. ఎందుకంటె అది పెద్ద కత. నీ ఆట అయిపోనీ, చెప్త."

ఆ సాయంత్రం తెర మీది మనిషి చెట్టెక్కాడు. ఎక్కేముందు చెట్టు మొదలును ఒకసారి చూశాడు. మోకు పైకి విసిరేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. కాలు జారబోయినచోట ఆగి, ఇంకోచోట పెట్టాడు. స్పందన పట్టీ కట్టుకుని వాడి వెంట తానూ ఎక్కింది. కుర్చీలో కూర్చున్న మనిషికి అరికాళ్ళు గరగరలాడాయి. నేల కిందికి పోతుంటే వేళ్ళు కుర్చీ అంచును పట్టుకున్నాయి. పైన కట్టిన కల్లు కుండ, లొట్టి, దగ్గరకు చేరినప్పుడు ఆ పిల్లకు ఏడుపు వచ్చినంత పని అయింది, ఎందుకో తెలియలేదు. నాయిన రోజూ ఇంత దూరం పోయి వస్తాడా అనిపించింది.

క్లాసులో ఈసారి ఎవరూ నవ్వు బొమ్మలు పంపలేదు. మేడం రెండుసార్లు ఆడి చూసింది.

"ఇంత శుభ్రమైన ఆనవాలు నేను ఇంతవరకు చూడలేదు," అంది. ఆవిడ నోట అలాంటి మాట రావడమే అపురూపం. "దీన్ని ఇంకా పెంచు. వానలో, గాలిలో, బరువుతో దిగేటప్పుడు. మంచిగా వస్తే ఆఖరి ప్రదర్శనకు పెడదాం. హైదరాబాదు గేముల కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తారు, నచ్చినవాళ్ళను శిక్షణకు తీసుకుంటారు. ఆఁ, ఒక్కటి. మధ్యలో వాడు ఆగిపోయి చెయ్యి ఆడిస్తున్నాడు. ఆడేవాళ్ళు గేము ఇరుక్కుపోయిందనుకుంటారు. అది తీసెయ్."

అది మా నాయినదండీ అని స్పందన నోటిదాకా వచ్చింది. వచ్చి, "సరే మేడం," అయింది. తట్టే చోటును ముందూ వెనకా కత్తిరించి, రెండు కొసలూ అతికింది. అతుకు తెలియకుండా చేసినందుకు మేడం మళ్ళీ మెచ్చుకుంది.

ఇక రోజూ మధ్యాహ్నం మంచం మీద ఎక్కుడే ఎక్కుడు. వాన చెట్టు, ముసలి చెట్టు, తేనెటీగలు లేచిన చెట్టు, నిండు లొట్టితో దిగడం. "ఒక్కసారి నాయినా," అనేది స్పందన. ఒక్కసారి అయ్యాక ఇంకొక్కసారి. నిద్ర ముంచుకొస్తున్నా, ఎక్కడికో పోవాల్సి ఉన్నా లింగస్వామి కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆయనకూ అది ముచ్చటగానే ఉండేది. పుట్టి పెరిగినన్నాళ్ళూ ఆ పిల్ల ఆయన పని గురించి ఇంతగా ఎప్పుడూ అడగలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో యాదగిరి ఇంటికొచ్చాడు. అండాలుకు తమ్ముడి వరస, లింగస్వామి చెట్ల పక్కనే ఇతనివీ ఉంటాయి. వాకిట్లో నిలబడి ఇటూ అటూ చూశాడు.

"బావ లేడు గద?" అన్నాడు. "అక్కా, ఆయన పానం ఎట్లున్నది? నిన్న సగం దాక ఎక్కి ఆగిండు. ఎక్కడు, దిగడు. చెట్టును కావలిచ్చుకొని అట్లనే ఉన్నడు. నేను ఎక్కి ఒక్కొక్క కాలు పట్టి కిందికి దింపిన. ఎవ్వలకు చెప్పొద్దన్నడు."

"నాకు సుత చెప్పలే," అంది అండాలు. చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది.

లింగస్వామి వచ్చాక అడిగితే కళ్ళు తిరిగాయన్నాడు. మోత్కూరు తీసుకుపోయి కళ్ళు చూపించారు, షుగరు చూపించారు, బీపీ చూపించారు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. అండాలు దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి జబ్బకు కట్టింది. నాలుగు రోజులాగి మళ్ళీ చెట్టు దగ్గరకు పోయాడు. ఈసారి సగం దాకా కూడా పోలేదు. మోకు వేసుకుని, చెప్పులు విడిచి, చెట్టును చూస్తూ చాలాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

ఊరు ఊరుకుంటుందా? లింగస్వామికి భయం పట్టిందన్నారు మండువలో. గీసేవాడికి ఒకసారి భయం పడితే అంతే సంగతులన్నారు. ఎదురుగా అనేంత ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆయన రాగానే మాటలు ఆగిపోయేవి. అది అనడం కంటే పెద్ద మాట. ఆయన మండువకు పోవడం మానేశాడు. చెట్లు యాదగిరికి అప్పజెప్పి, తాను లొట్లు కడిగి ఎండబెట్టే పని పెట్టుకున్నాడు. అది పిల్లలకు చెప్పే పని.

"వయసు వచ్చింది తీ," అనేవాడు ఎవరూ అడక్కుండానే. "గుండె ధైర్యం ఉండాలె గద. నాది పోయింది."

స్పందనకు జాలేసింది. అప్పటికి జాలి ఒక్కటే. ఆ పిల్లకు ఇంకేమీ తెలియదు.

తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. ప్రదర్శనకు ముందు ఒక్క దిగుడు మిగిలిపోయింది, మంచులో తడిసిన చెట్టు దిగడం. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది. చెట్టెక్కమనడం లేదు కదా, మంచం మీదే కదా. అడిగితే ఆయనకు కొంచెం గౌరవంగా కూడా ఉంటుందనుకుంది. లింగస్వామి సంతోషంగా వచ్చి కూర్చుని పట్టీ కట్టుకున్నాడు. కళ్ళు మూశాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కాళ్ళు కదలలేదు. ఫోను తెర మీద గీత లేవలేదు, తాడు సాగదీసినట్టు తిన్నగా పోతోంది. స్పందన పట్టీ సర్ది చూసింది. గీత అలాగే ఉంది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"చెట్టు కనవడ్తలేదు బిడ్డా," అన్నాడు. ఏదో తప్పు చేసినవాడిలా నవ్వాడు. "నిద్ర సరిగ్గ లేదు, గందుకే. రేపు చేద్దాం."

ఆ నవ్వు చూసిన క్షణంలోనే స్పందనకు పెట్టెలోని కాగితం గుర్తొచ్చింది. పని చేస్తుండగా మాత్రమే. లోపలికి పోయి తలుపేసుకుని మేడంకి ఫోను చేసింది. జరిగిందంతా చెప్పింది.

"మీ నాన్నగారు చెట్టు మీద లేరా?" అంది విభావరి. "అన్నీ కూర్చునే తీశావా? అన్నీనా?"

"అన్నీ మేడం."

"ఒక పని గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా మెదడు దాన్ని బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టుకుంటుంది స్పందనా. పట్టీ చదివేది ఆ బయట ఉన్న కాసేపే. చదివినచోట కొంచెం చెరిగిపోతుంది. పని చేస్తూ ఉంటే ఫరవాలేదు, కాళ్ళూ చేతులూ వెంటనే మళ్ళీ రాసేస్తాయి. కూర్చుని తలుచుకుంటే..." ఆవిడ ఆగింది. "రాసేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే అంత శుభ్రంగా వచ్చింది. ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందని నేను అడగాల్సింది. అడగలేదు. బాగుందని మురిసిపోయాను."

"మళ్ళీ పెట్టొచ్చా మేడం? నా దగ్గర ఉన్నది ఆయనకు?"

"పట్టీతో ఆడితే కొంత వస్తుంది. అది కూడా లోపల ఎంతో కొంత మిగిలినవాళ్ళకు, లేకపోతే లోపల ఇంకా ఏమీ రాసి లేనివాళ్ళకు. చెరిగిన చోట నిలవదమ్మా. సంస్థలో పరీక్షించి చూశాం. మళ్ళీ మొదటి నుంచి చెట్టు మీదే నేర్చుకోవాలి." తర్వాత అంది, "సంస్థకు నేను రాస్తాను. మీ ఇంట్లో నువ్వు చెప్పాలి. గేము ఉంచాలో తీసేయాలో మీ నాన్నగారే తేల్చాలి."

స్పందన చెప్పలేదు.

ప్రదర్శన అయ్యాక చెబుదామనుకుంది. ఇప్పుడు చెబితే ఆయన మనసు విరుగుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. అసలు సంగతి అది కాదని ఆ పిల్లకు తెలుసు. చెబితే గేము తీసేయాల్సి వస్తుంది. తీసేయడం ఇష్టం లేదు. వాకిట్లో నాయిన లొట్లు కడుగుతున్న చప్పుడు వినబడితే చెవుల్లో పాటలు పెట్టుకునేది. గుండె ధైర్యం పోయిందని ఆయన ఎవరికో చెబుతుంటే, ఆ ఒక్క మాట నోటితో ఆపగలిగిన మనిషి లోకంలో తనొక్కతే అయ్యుండీ, గోడవైపు తిరిగి కూర్చునేది. తండ్రి పనిని తెలియక తీసుకుంది, నిజమే. ఆయన మర్యాద పోతుంటే మాత్రం తెలిసే చూస్తూ కూర్చుంది.

ప్రదర్శన రోజున ఫోను గోడకు ఆనించి ముగ్గురూ వాకిట్లో కూర్చున్నారు. యాదగిరి కూడా వచ్చాడు. కంపెనీ వాళ్ళు గేము ఆడారు. ఒకాయన పట్టీ విప్పుతూ, ఒళ్ళు జలదరించింది, ఈ అమ్మాయి మాకు కావాలన్నాడు. యాదగిరి చప్పట్లు కొట్టాడు. అండాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లింగస్వామి మాత్రం తెర దగ్గరకు జరిగి, అందులో మనిషి ఎక్కుతుంటే చూస్తున్నాడు. మోకు విసరడం చూశాడు. కాలు మార్చడం చూశాడు. చూసి చూసి కూతురి వైపు తిరిగాడు.

"నేను గట్ల ఎక్కేటోన్నా?"

గొప్పకు అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు.

స్పందన ఆపుకోలేకపోయింది. ఫోను బోర్లా పడేసి, ఏడుస్తూ, ముందూ వెనకా కలిపేస్తూ అంతా చెప్పేసింది. కాగితం సంగతి, మేడం సంగతి, తెలిసి కూడా ఇన్నాళ్ళు నోరు విప్పని సంగతి. లింగస్వామి తన అరచేతులు చూసుకున్నాడు.

"అయితె నాకు భయం వట్టలేదు?" అన్నాడు.

"లేదు నాయినా."

"గుండె ధైర్యం పోలే?"

"పోలే. నేను తీసుకపోయిన."

ఆయన మెల్లగా ఊపిరి వదిలాడు. భుజాల మీంచి ఏదో దించినట్టు కొంచెం నిటారుగా కూర్చుని యాదగిరి వైపు చూశాడు. "విన్నవార యాదగిరీ? మండువల చెప్పు. లింగస్వామి పిరికోడు గాదని చెప్పు."

ఆయన తిట్టి ఉంటే స్పందన తట్టుకునేది. తిట్టడం అండాలు చేసింది. "సంబురవడ్తున్నవా? మనిషి కాళ్ళు తీసుకపోయి ఆటబొమ్మకు వెట్టింది పిల్ల, నువ్వు సంబురవడ్తున్నవా?" అని మొగుణ్ణి అడిగింది. కూతురితో ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత చాలా రోజులు కూడా అనలేదు. కంచంలో అన్నం పెట్టేది, పక్కకు తిరిగి వెళ్ళిపోయేది.

కంపెనీవాళ్ళకు రానని స్పందన రాసేసింది. సంస్థ పట్టీలన్నీ వెనక్కి తెప్పించుకుంది. గేము చెరిపేస్తానంటే లింగస్వామే వద్దన్నాడు. "అండ్లనన్న ఉండనీ," అన్నాడు. ఆ మాట మీద ఆ పిల్ల రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నాలుగైదు రోజులకు ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. యాదగిరి దగ్గర నేర్చుకుందామని చూశాడట, కుదరలేదట. యాదగిరి పద్ధతి వేరు, కాలు వేరే తీరుగా వేస్తాడు.

"నువ్వు ఆ పట్టీ కట్టుకొని శాన సార్లు ఆడినవ్ గద," అన్నాడు. "నీ కాళ్ళకు ఏమన్న తెల్సా?"

స్పందన తల దించుకుంది. తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ చాలా రోజులుగా తెలుసు. తాటిచెట్టు కింది నుంచి నడిచినప్పుడల్లా అరికాళ్ళు దాని మొదలును కొలుస్తాయి. మోకు దండెం మీద వేలాడుతుంటే వేళ్ళు దాని ముడివైపు పోతాయి. దొంగసొత్తు దాచుకున్నదానిలా ఆ వేళ్ళను పిడికిట్లో మూసుకుని తిరుగుతోంది.

"తెల్సు నాయినా."

"అయితె సూపియ్యి."

పొద్దున్నే ఊరవతల, పొలం గట్టు మీద పొట్టి ఈతచెట్టు దగ్గరకు పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్ల మోకు వేసుకోవడం ఎవరూ ఎరుగరు. లింగస్వామి తన మోకునే కూతురి నడుముకు పెట్టి, చిన్నది చేయడం చేతగాక తడబడ్డాడు. స్పందన వేళ్ళు ఆయన చేతుల్లోంచి తాడు తీసుకుని ముడి బిగించాయి. ఆయన ఆ వేళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

"మీదికి వోయినంక నేను పిలువను," అన్నాడు. "చెట్టు మీదున్నోన్ని కిందికెల్లి పిలువొద్దు. గదొక్కటి యాదికున్నది నాకు."

స్పందన చెట్టు మొదలును ఒకసారి చూసింది. మోకు పైకి విసిరింది. ఊపిరి దానంతట అదే బిగుసుకుంది. కాలు పెట్టిన మొదటి చోటు నచ్చలేదు, తీసి పక్కన పెట్టింది. చెట్టు గరుకు కాళ్ళకు గుచ్చుకుంది, కుర్చీలో కూర్చుని ఆడినప్పుడు ఇంత నొప్పి లేదు. ఇంకో పట్టు ఎక్కింది. పడిపోతానేమో అన్న అనుమానం వచ్చింది, వచ్చి పక్కన కూర్చుంది, తోసేయలేదు. అది తనది కాదు. నాయిన ఏళ్ళ తరబడి పోగేసుకున్న అనుమానం, తనను పట్టుకుని ఉన్నది అదే.

నేల మీంచి చెయ్యెత్తితే అందే చోటు దాటింది. నడుము ఆగింది. కుడిచెయ్యి మోకు వదిలి లేచి, చెట్టును మెల్లగా రెండుసార్లు తట్టింది.

తట్టాక గానీ ఏం చేసిందో స్పందనకు తెలియలేదు. గేములోంచి ఎప్పుడో కత్తిరించి పారేసింది దాన్ని. పారేయకముందు ఆడిన ఆటలు చేతికి గుర్తున్నట్టున్నాయి. చెట్టును పట్టుకుని అలాగే కాసేపు ఉండిపోయింది. కింది నుంచి ఎవరూ పిలవలేదు. తర్వాత ఒక్కొక్క కాలే కిందికి తెచ్చి నేల మీద నిలబడింది.

లింగస్వామి కళ్ళు మెరుస్తున్నాయి. తప్పిపోయిన మనిషి దూరాన నడిచి వస్తుంటే గుర్తుపట్టినవాడి ముఖం అది.

"మంచిగున్నది," అన్నాడు. "కాలు మార్చినప్పుడు సూసిన, నాకు కొంచెం ఎరుకైతున్నది. నేర్చుకుంట. ఒక్కటి చెప్పు బిడ్డా. నడుమల ఆగి చెట్టును తట్టినవ్ గద, అదెందుకు?"

స్పందన ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అని ఆశగా చూసింది. లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"అది నీది నాయినా," అంది. "పెద్ద కత అన్నవ్. నా ఆట అయిపోయినంక చెప్త అన్నవ్."

"నేనన్ననా?"

"అన్నవ్. నేను మల్ల అడుగలే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. తన చెట్ల ముచ్చట్లు ఎవరితోనూ చెప్పుకునే అలవాటు లేని మనిషి, ఇంకెవరికైనా చెప్పి ఉంటాడన్న ఆశ కూడా స్పందనకు లేదు. చివరికి తల అడ్డంగా ఊపి, చెట్టు దగ్గరకు జరిగాడు. చెయ్యెత్తి, అందినంత పైన, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. మొదటిసారి బడికి పోయిన పిల్లవాడు పలక చూపించినట్టు కూతురి వైపు తిరిగాడు.

"ఇట్లనేనా?"

"ఇట్లనే," అంది స్పందన. "కొంచెం మెల్లగ, నాయినా."

ఆయన మళ్ళీ తట్టాడు, ఈసారి మెల్లగా.